జాబితాలో లేని బీరువా

3, మంగళవారం

డైరెక్టరు గారు పిలిచారు. మేస్త్రీ గారు ఈ నెలాఖరుకి రిటైరవుతున్నారట. ఆయన వెళ్ళేలోపు నా ప్రోగ్రాం బీరువాల్ని చూసుకోగలగాలట. "చూసుకుంటుందండీ" అన్నాను. ఆ మాట అనేశాక గానీ ప్రోగ్రాం ఇంకా మొదలే పెట్టలేదని గుర్తు రాలేదు.

మేస్త్రీ గారు లేని ఈ విత్తనాల కేంద్రాన్ని ఊహించుకోలేను. ఐదు గదులు, రెండొందల పైచిలుకు చలి బీరువాలు, వాటిలో నిద్రపోతున్న లెక్కలేనన్ని విత్తనాలు. ఆయన రోజూ పొద్దున్నే ఒక్కో తలుపు మీద అరచెయ్యి ఆనించి, చెవి పెట్టి విని, "దీనికి ఒంట్లో బాగాలేదు" అని స్క్రూడ్రైవరు తీస్తారు. ముప్పై ఏళ్ళుగా అదే పని. ఆ చేతినీ ఆ చెవినీ ఇప్పుడు నేను కంప్యూటర్లో రాయాలి.

సాయంత్రం దాకా కిటికీలోంచి చూస్తూ కూర్చున్నాను.

4, బుధవారం

రాత్రి అన్నం తింటుంటే మా ఆయన అడిగారు, అసలు నువ్వు రాసేదేమిటని. బస్సు నడిపే మనిషికి అర్థమయ్యేలా చెప్పగలిగితే నాకూ అర్థమైనట్టే.

"మేం వాడే, అన్నిటినీ చెప్పినట్టు ఉంచే కాన్ఫిగరేషన్ సాఫ్ట్‌వేరుకి ఫైలంటే తెలుసు, సర్వీసంటే తెలుసు. చలి బీరువా అంటే తెలీదు. ఆ కొత్త మాట దానికి నేర్పాలి. బీరువా ఎలా ఉండాలి, ఎంత చలి, ఎంత తేమ, ఇదంతా చెప్పేది టైపు. నిజంగా అలా ఉందో లేదో వెళ్ళి చూసి, లేకపోతే సరిచేసేది ప్రొవైడరు."

"అంటే నువ్వు పాలు ఉండాలంటావు, నేను వెళ్ళి తెస్తాను. నువ్వు టైపు, నేను ప్రొవైడరు."

"ముందు ఇంట్లో ఉన్నాయో లేదో చూసి తేవాలి. మొన్న మీరు చూడకుండానే తెచ్చారు."

అన్నం కలుపుతూ అన్నారు: "స్టాపులో ఎక్కేవాళ్ళూ దిగేవాళ్ళూ లేకపోతే నేను తలుపు తియ్యను. అదేగా?"

అదే. అరగంటకోసారి తిరగాలి, అన్నీ సరిగా ఉంటే దేన్నీ ముట్టకుండా తిరిగి రావాలి. పుస్తకాలు పది పేజీల్లో చెప్పేది ఈయన ఒక్క స్టాపులో చెప్పేశారు.

6, శుక్రవారం

మేస్త్రీ గారి వెనకాల గదులు తిరిగాను. ఒకటి, రెండు, మూడు, ఐదు. చలి గదిలో కాసేపుంటే మనసు మెల్లగా ఎటో పోతుంది. ఫ్యాన్లన్నీ కలిసి ఒకటే శ్రుతిలో పాడుతుంటాయి, నోట్లోంచి వచ్చే ఆవిరి మనకంటే ముందు నడుస్తుంటుంది. మూడో గదిలో ఒక తలుపు ముందు ఎంతసేపు నిలబడ్డానో తెలీదు. "తల్లీ, నువ్వు కూడా నిలవ ఉండడానికొచ్చావా ఏమిటి?" అన్నారాయన.

నాలుగో గది దగ్గర ఆగారు. "ఇదీ చూద్దామా?"

"సోమవారం చూద్దాం లెండి."

ఆయన ఐదో గది వైపు నడిచారు. నాలుగో గదికి అంత చలి ఉండదు, అక్కడ మా అక్క కూర్చుంటుంది.

7, శనివారం

అక్కతో మాట్లాడి రెండేళ్ళు. ఒకే ఆఫీసు, ఒకే గేటు. క్యాంటీన్లో ఆమెది కిటికీ పక్క బల్ల, నాది గోడ పక్క బల్ల. ఏదైనా చెప్పక తప్పకపోతే మధ్యలో మేస్త్రీ గారు.

నేను చేసిందల్లా మీటింగులో అందరి ముందూ, విత్తనాల కవర్ల మీద అక్క రాసిన చీటీల్లో మూడు తప్పులున్నాయని చెప్పడం. తప్పులు నిజంగానే ఉన్నాయి. అక్క ఆ మూడు కవర్లూ నా చేతిలోంచి తీసుకుని, "పక్కకి పిలిచి చెప్తే నీ సొమ్మేం పోయేది?" అని వెళ్ళిపోయింది.

తప్పులు నిజంగానే ఉన్నాయి.

9, సోమవారం

బీరువాల జాబితా మొదలుపెట్టాను. ఒక్కో దాని దగ్గరికీ వెళ్ళి చూడక్కర్లేదు, పెద్ద రిజిస్టరుంది. బీరువాకో పేజీ. అందులోంచి ఎక్కిస్తే చాలు.

లెక్క 211 వచ్చింది. 130 తర్వాత 132 ఉంది. ఏదో పాతది తీసేసి ఉంటారు. రిజిస్టర్లో లేనిది లేనట్టే.

10, మంగళవారం

మళ్ళీ లెక్కపెట్టాను. 211.

12, గురువారం

ప్రొవైడరు కళ్ళు తెరిచింది. నేను చూడనివన్నీ అదే చూస్తుంది. బీరువాలన్నిటినీ కలిపే తీగ మీదకి వెళ్ళి "ఎవరెవరున్నారు?" అని అడిగితే ఒక్కో బీరువా తన నెంబరు చెప్తుంది. బళ్ళో హాజరు పిలిచినట్టు ఉంది. మధ్యాహ్నమంతా ఊరికే అడిగించి వింటూ కూర్చున్నాను. మెలకువలోనే కల వచ్చింది: బీరువాలన్నీ తలుపులు కొంచెం కొంచెం తెరిచి, లోపల వాన పడుతోందని చెప్తున్నాయి.

పలికినవి 212.

మేస్త్రీ గారి షెడ్డులో పాత బీరువా కంట్రోలరు, అంటే దాని చలిని నడిపే పెట్టె, ఒకటి పడి ఉంటుంది. అదే అయ్యుంటుంది.

13, శుక్రవారం

ఒక్క లైను చేర్చాను: జాబితాలో లేని బీరువా ఏదైనా పలికితే దాన్ని ఆపెయ్యాలి. డైరెక్టరు గారికి భలే నచ్చింది. "ఇల్లు శుభ్రంగా ఉండాలమ్మా, ఎవరెవరో వచ్చి కూర్చోకూడదు" అన్నారు.

అక్క ఆదివారం కొండల్లోకి విత్తనాలకి వెళ్తోందట. రెండు వారాలు. మేస్త్రీ గారు చెప్పారు. నేను అడగలేదు.

16, సోమవారం

ఉత్తుత్తి పరుగు. అంటే ప్రోగ్రాం నడుస్తుంది గానీ దేన్నీ ముట్టదు, ముట్టి ఉంటే ఏం చేసేదో మాత్రం చెప్తుంది. 211 సరిగ్గానే ఉన్నాయంది. చివర్లో ఒక్క లైను:

బీరువా 131: ఆపి ఉండేదాన్ని.

మేస్త్రీ గారికి రేపట్నుంచి సెలవు, మిగిలినవన్నీ వాడుకుంటున్నారు. వెళ్ళేటప్పుడు అడిగాను, షెడ్డులో ఉన్న పాత కంట్రోలరు నెంబరెంతని.

"గుర్తులేదు తల్లీ. వెళ్ళి చూసి రానా?"

"వద్దులెండి, మీ మోకాళ్ళు అసలే బాగాలేవు."

ఆయన మోకాళ్ళ మీద నాకు అంత దయ ఎప్పుడు పుట్టిందో.

17, మంగళవారం

ఈ రోజు నిజం పరుగు. మార్పులు: 1.

అరగంట తర్వాత మార్పులు: 0. ఆ తర్వాత కూడా 0. ఆగిపోయినది ఇక పలకదు, పలకని దాని గొడవ దానికి అక్కర్లేదు. చేసిన పని మళ్ళీ చెయ్యలేదు. అచ్చం ఎలా ఉండాలో అలాగే ఉంది.

డైరెక్టరు గారు టీ తెప్పించారు.

18, బుధవారం

0.

19, గురువారం

0. తెర మీద అంతా పచ్చగా ఉంది.

22, ఆదివారం

మధ్యాహ్నం కునుకులో ఆ కొండ వచ్చింది.

ఏడేళ్ళ క్రితం అక్కా నేనూ సెలవు పెట్టి వెళ్ళిన కొండ. రాళ్ళ సందుల్లో తెల్లపూలు, చిటికెన వేలి గోరంత. ఎండ దిగిపోయాక విచ్చుకుంటాయి. పేరేమిటో ఏ పుస్తకంలోనూ దొరకలేదు. అక్క వాటిని "ఆలస్యాలు" అంది, పొద్దున్నే లేవలేని నన్ను వెక్కిరించడానికి. మోకాళ్ళ మీద కూర్చుని, ఆవాల్లో సగం ఉండే గింజలు మూడొందల నలభై ఏరాం. తర్వాత ఆ కొండని కంకర కోసం పిండి చేశారు. ఆ పూలు ఇంకెక్కడైనా ఉన్నాయని మాకు తెలీదు.

కలలో అక్క గింజలు నా దోసిట్లో పోస్తోంది. "లెక్కపెట్టు" అంటోంది. నేను 211 అంటున్నాను.

25, బుధవారం

0. కడుపులో చల్ల కదలకుండా ఉన్నాను. ఈయన మాత్రం "ఏమిటలా ఉన్నావు?" అన్నారు. ఎలా ఉన్నానట? అంతా సరిగ్గానే ఉంది.

28, శనివారం

మేస్త్రీ గారికి వీడ్కోలు. శాలువా, ఫొటో, డైరెక్టరు గారి ప్రసంగం. టీ చల్లారుతుంటే ఆయన లేచి, ఒక్కసారి గదులు చూసి వస్తానన్నారు. వెనకాలే వెళ్ళాను.

నాలుగో గది గుమ్మంలో ఆగి తల పక్కకి వంచారు.

"ఒక గొంతు తగ్గింది."

నాకేమీ తేడా వినిపించలేదు. ఆయన వరస వెంట అరచెయ్యి ఆనించుకుంటూ నడిచి, చివరి నుంచి రెండో తలుపు మీద చెయ్యి తియ్యకుండా నిలబడిపోయారు. "ఇది గదిలా ఉందమ్మా" అన్నారు.

131.

"షెడ్డులో ఉన్నది కాదా?" అన్నాను.

"దానికి తీగే లేదు. ఎప్పుడో కోసేశాను."

తలుపు తీశారు. మంచు మొత్తం కరిగి అడుగు ట్రేలో అంగుళం మేర నీళ్ళు. అక్క రేకు కవర్లు వాడదు, గింజకి గాలి తగలాలంటుంది, అందుకని అన్నీ కాగితం కవర్లే. తడిసి ఒకదానికొకటి అతుక్కుపోయాయి. వాటి మీద నల్లటి బూజు. ఒక కవరు చిరిగి ఉంది. అందులోంచి తెల్లటి దారాలు బయటికి వచ్చాయి.

అవి మొలకలు. పదకొండు రోజుల వెచ్చదనానికి, తడికి, ఇక లేవచ్చనుకున్నాయి. చీకట్లో వెలుతురు వెతుక్కుంటూ ఎంత సాగాలో అంత సాగాయి.

ఆన్ చెయ్యబోయాను. ఆయన నా చెయ్యి పట్టుకున్నారు. "ఇప్పుడు చలి పెడితే ఉన్నవి కూడా చస్తాయి. మీ అక్క రానీ."

29, ఆదివారం

అక్కకి ఫోను కలవడం లేదు. కొండల్లో సిగ్నలుండదు. రేపు పొద్దున వస్తుంది.

పొద్దుట్నుంచీ మనసులో ఉత్తుత్తి పరుగులే. పాత కంట్రోలరు దానంతటదే పోయిందని చెప్పి ఉండేదాన్ని. డైరెక్టరు గారి చేత కబురు పెట్టి ఉండేదాన్ని. రిపోర్టులో ఆరో పేజీలో రాసి ఉండేదాన్ని. ప్రోగ్రాం తను చేసినవన్నీ రాసుకునే లాగ్ నాకు తప్ప ఎవరికీ చదవడం రాదు. ఆ లైను తుడిచేస్తే 131 దానంతటదే పోయినట్టు. మేస్త్రీ గారు నోరు విప్పరు, వెళ్ళిపోయిన మనిషి.

ఈయనకి చెప్పాను. అంతా విన్నారు.

"నెంబరు చూసినప్పుడు నీకు తెలీదా?"

"తెలీదు" అన్నాను.

ఇక్కడ ఎవరూ చదవరు కాబట్టి రాస్తున్నాను. తెలుసు. ఏడేళ్ళ క్రితం ఆ కవర్లు పెట్టి ఆ తలుపు మూసింది నేనే, నెంబరు రేకు అతికించింది నేనే. జాబితాలో లేదని చూసినప్పుడే తెలుసు. నాలుగో గదికి వెళ్ళి, "అక్కా, నీ బీరువా రిజిస్టర్లో లేదేం?" అని ఒక్క మాట అడిగితే అయిపోయేది. అడగాల్సొస్తుందనే షెడ్డు కథ అల్లుకున్నాను. పిల్లి కళ్ళు మూసుకుని పాలు తాగినట్టు, పదకొండు రోజులు సున్నాలు చూసుకుంటూ కూర్చున్నాను.

లాగ్‌లో ఆ లైను తుడవలేదు.

30, సోమవారం

ఏడున్నరకే గేటు దగ్గర నిలబడ్డాను. అక్క బస్సు దిగింది. భుజాన సంచీ, బూట్లనిండా మట్టి, రెండేళ్ళలో జుట్టు ఇంత నెరిసిందని దూరం నుంచి తెలియలేదు. నన్ను చూసి పక్కనుంచి దాటిపోబోయింది.

"అక్కా, ఒక్కసారి పక్కకి రా."

ఆగింది. గోడవారగా వచ్చి నిలబడింది. చెప్పాను. నెంబరు, తేదీ, ఆ ఒక్క లైను, షెడ్డు అనుకున్నది, అనుకోవాలని అనుకున్నది. కంట్రోలరు మీద పెట్టలేదు, ఎవరి మీదా పెట్టలేదు. చెప్తున్నంతసేపూ నా బొటనవేలి గోరునే చూసుకున్నాను.

"ఎన్ని రోజులు?"

"పదకొండు."

"మళ్ళీ ఆన్ చేశావా?"

"లేదు. మేస్త్రీ గారు చెయ్యనివ్వలేదు."

"బతికించారు." సంచీ దింపి నా చేతికిచ్చింది. "నీ చెంప పగలగొట్టాలనుంది ఇప్పుడు. ముందు తడి కాగితం పట్రా. చిన్న పట్టకారు కూడా."

మధ్యాహ్నం దాకా అదే పని. అక్క కళ్ళజోడు నుదుటి మీదకి తోసుకుని, కవరు తర్వాత కవరు విప్పింది. నల్లబడ్డవి ఒక గిన్నెలోకి. తెల్లదారాలు ఒక్కొక్కటీ తడి కాగితం మీదకి. పదిహేడు మొలకలు. పైఅరలో ఒక్క కవరు తడవలేదు. అందులో నలభై ఒక్క గింజలు, ప్రాణం ఉందో లేదో చూస్తే తెలిసేది కాదు. మిగిలినవి పోయాయి. గిన్నెలో ఉన్నవాటిని చూడలేకపోయాను. అక్క చూసింది, చాలాసేపు.

చేతులు కడుక్కుంటూ అంది:

"రిజిస్టర్లో ఆ పేజీ ఏమైందని అడగవేం?"

"అడగాలనిపించలేదు."

"నేనే చించాను. ఈ పని నీకిచ్చారని తెలిసిన రోజే. నువ్వొచ్చి ఇందులోనూ తప్పులు పట్టకూడదని. జాబితాలో లేకపోతే నీ ప్రోగ్రాం వదిలేస్తుందనుకున్నా."

"వదిలేసేదే. ఆ ఒక్క లైను నేను రాయకపోయుంటే."

అక్కకి నవ్వొచ్చింది, అది సగంలోనే ఏడుపైంది. నేను పక్కనే నిలబడి టవలు పట్టుకున్నాను. నాకూ ఏడుపొచ్చింది. ఫ్యాన్లు పాడుతూనే ఉన్నాయి, ఒక గొంతు తక్కువతో. ఈసారి నాకూ వినిపించింది.

31, మంగళవారం

డైరెక్టరు గారికి చెప్పాను. చాలాసేపు తిట్టారు. తర్వాత తను కూడా ఆ లైను మెచ్చుకున్నట్టు గుర్తొచ్చిందేమో, గొంతు తగ్గించారు.

ఆ లైను తీసేశాను. ఇప్పుడు జాబితాలో లేనిది ఏదైనా పలికితే ప్రోగ్రాం దాన్ని ముట్టదు. నాకొక ఉత్తరం రాస్తుంది: "ఇది ఎవరిదో నాకు తెలీదు. వెళ్ళి అడుగు." అడగందే అమ్మైనా పెట్టదంటారు.

1, బుధవారం

పద్నాలుగు.

2, గురువారం

పద్నాలుగు. పొద్దున నేను వెళ్ళేసరికి అక్క కుర్చీ పక్కన ఇంకో కుర్చీ ఉంది.

5, ఆదివారం

తొమ్మిది. సెలవైనా వెళ్ళాం. కాగితం తడపడం తప్ప చేసేదేమీ లేదు. కిటికీలోంచి ఎండ బల్ల మీద ఒక చివర్నుంచి ఇంకో చివరికి నడవడం చూశాం. మధ్యలో ఇద్దరం కుర్చీల్లోనే నిద్రపోయాం. లేచేసరికి టీ మీద మీగడ కట్టింది.

"ఆలస్యాలు నిజంగా నీలాంటివే" అంది అక్క. "ఎంతో బతిమాలితే గానీ లేవవు."

9, గురువారం

ఆరు. మట్టిలోకి మార్చాం. మేస్త్రీ గారు ఊరికే అటుగా వచ్చానంటూ వచ్చారు. రిటైరయ్యాక ఇది నాలుగో "ఊరికే". కుండీలకి కూడా చెవి పెట్టి విన్నారు.

15, బుధవారం

ఆరు మొలకలకీ రెండేసి ఆకులు. పచ్చగా ఉన్నాయి. అక్క లెక్కపెట్టింది, తర్వాత నన్ను లెక్కపెట్టమంది. నాకూ ఆరే వచ్చాయి.

తడవని ఆ నలభై ఒక్క గింజల్నీ మళ్ళీ చలిలోకి పంపుదామంది. బతికున్నవెన్నో తెలీదు, ఏడాదికోసారి రెండేసి నాటి చూద్దామంది. ట్రే తుడిచాను, మేస్త్రీ గారు తలుపు రబ్బరు మార్చారు. కొత్త కవరు మీద చీటీ అక్క రాసింది. రాసి, నా వైపు తిప్పి, "తప్పులున్నాయేమో చూడు" అంది. ఒకటుంది. చెవిలో చెప్పాను. గదిలో ఇంకెవరూ లేరు, అయినా చెవిలోనే చెప్పాను.

అప్పుడు అక్క తన పర్సులోంచి నాలుగు మడతలు పెట్టిన కాగితం తీసి బల్ల మీద పెట్టింది. చించేసిన పేజీ. "అతికించి జాబితాలో ఎక్కించు" అని చెప్పి, కుండీలకి నీళ్ళు తేవడానికి వెళ్ళింది.

మడతలు విప్పాను. నెంబరు 131. చలి, తేమ, గింజలు 340, ఏడేళ్ళ క్రితం తేదీ. కింద "సేకరించినవారు" అన్న గడిలో, తన బీరువాల మిగతా పేజీలన్నిటిలోనూ అక్క తన సంతకమే పెట్టింది. దీంట్లో సంతకం లేదు. "మేమిద్దరం" అని రాసి ఉంది.

ఈ రెండేళ్ళూ అది రిజిస్టర్లో అలాగే ఉందన్నమాట. ఈ నెలన్నరా ఆమె పర్సులో.

గమ్ము పూసి అతికించాను. మడతల దగ్గర కొంచెం పైకి లేచింది, అరచేత్తో నొక్కి పట్టుకున్నాను. తర్వాత జాబితాలో ఎక్కించబోతే, నా టైపులో చలి ఉంది, తేమ ఉంది, నెంబరుంది, ఆ గడి లేదు. రెండొందల పదకొండు బీరువాలకి రాశాను గానీ, ఒక్క దానికీ ఎవరిదని అడగలేదు. సాయంత్రం కూర్చుని ఆ గడి చేర్చాను.

131 ఉండాలి. సేకరించినవారు: మేమిద్దరం.

ఉత్తుత్తిగా కాదు, నిజంగానే నడిపాను. నాలుగో గదిలోంచి మోటారు అందుకున్న చప్పుడు నా గది దాకా వినిపించింది. అక్క నీళ్ళ మగ్గుతో గుమ్మంలో ఆగి, తల పక్కకి వంచి విని, మళ్ళీ కుండీల దగ్గరికి వెళ్ళింది.

మార్పులు: 1.